కానుగ చెట్టుకు చలికాలం

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. అంతకుముందు ఒకసారి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఎందుకు పోయాయంటే చాలామంది పేదరికం పేరు చెబుతారు, లేదంటే కాలం పేరు. నేను ఒక కానుగ చెట్టు పేరు చెబుతాను. దాని తప్పు ఇసుమంత కూడా లేదు. కానీ చెట్టును నిందిస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎవరూ ఇంటి మీదికి రారు.

మా ఊరు నిజామాబాద్ నుంచి బోధన్‌కు పోయే బాట పక్కన ఉంటుంది. నేను చిన్నగా ఉన్నప్పుడు మా చేన్లలో జొన్న పండేది. ఆ తర్వాత మంజీర నీళ్లు కాలువల్లో పడి మా పొలాల దాకా వచ్చాయి, జొన్న పోయి చెరుకు వచ్చింది. చెరుకు వెనకే చక్కెర ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ నెత్తిన పొగగొట్టం. ఫ్యాక్టరీ ఆడే కాలమంతా చెరుకు పిప్పి కాలిన మసి, చిన్న చిన్న నల్లటి రేకులై గాలికి వచ్చి మా మీద పడేది. ఆరేసిన బట్టల మీద, బువ్వ గిన్నెలో, ముసలివాళ్ల తెల్ల జుట్టు మీద. మా అవ్వ మొదటి ఏడాది తిట్టింది. రెండో ఏడాది గిన్నె మీద మూత పెట్టడం నేర్చుకుంది.

ఎవరి చెరుకు ఏ రోజు కొట్టి తేవాలో ఫ్యాక్టరీ నుంచి చిట్టీ వచ్చేది. చిట్టీ ఉర్దూలో ఉండేది. మా ఇంట్లో ఏ భాషలో ఉన్నా ఒకటే. మొదటి ఏడు అది వచ్చిన రోజు బడి పంతులు ఊళ్లో లేడు, బాపు దాన్ని బాటన పోయే ఒక పెద్దమనిషితో చదివించుకున్నాడు. ఆయన "మంగళవారం" అన్నాడు. బాపు మంగళవారం బండి కట్టుకొని పోతే, మా వంతు శుక్రవారమని గేటు దగ్గర చెప్పారు. చెరుకు మూడు రోజులు బండి మీదే ఎండింది, బాపు బండి కిందే ఎండాడు. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగి నా వైపు చూశాడు.

"రేపటి సంది నువ్వు బడికి పో."

అప్పుడు నాకు పదమూడేళ్లు. మూతి మీద నూగు కూడా మొదలైంది. నేను మొదటిసారి బళ్లో అడుగుపెట్టినప్పుడు పిల్లలంతా లేచి నిలబడ్డారు. కొత్త పంతులు వచ్చాడనుకున్నారట.

బాపు ఒక షరతు పెట్టాడు. ఏటా ఒకసారి జిల్లా నుంచి ముహ్తమీమ్ సాబ్ బడి తనిఖీకి వచ్చేవాడు. ఎవరు పై తరగతికి పోవాలో, ఎవరు ఉన్నచోటే ఉండాలో ఆయన నోటి మాటే. "సూడు కొడుకా," అన్నాడు బాపు, "ఆ సాబ్ నిన్ను పై తరగతిల కూసోబెడితె సదువుకో, నేను అడ్డం రాను. లేకుంటె ఎడ్లు నీ కోసం ఎదురుసూస్తున్నయి." ఎడ్లు నిజంగానే చూస్తున్నాయి. మా కొట్టం బడికి ఎదురుగానే ఉండేది.

బడి అంటే ఒక్క గది. ఆ గదిలో పగలే చీకటి కాబట్టి పాఠాలన్నీ వాకిట్లో కానుగ చెట్టు కింద జరిగేవి. పంతులు ధర్పల్లి వైపు మనిషి. మంచివాడు, భయస్థుడు. గట్టిగా తుమ్మాలన్నా ముందు నాలుగు దిక్కులు చూసుకునేవాడు. నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిన కొద్దినాళ్లకే ఆయనకు పైనుంచి ఒక కాగితం వచ్చింది. దాన్ని ఆయన మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, నాలుగో రోజు మాకు చదివి చెప్పాడు. పుస్తకంలో చలి దేశం పాఠం ఉంది కదా, పిల్లలు ఆ దేశపు చెట్టూ పిట్టా వాతావరణమూ చదివి, తమ ఊరి చెట్టూ పిట్టా వాతావరణంతో పోల్చాలి. బట్టీ పట్టకూడదు. కళ్లతో చూసి చెప్పాలి. ఈసారి ముహ్తమీమ్ సాబ్ తనిఖీలో అడిగేది అదే.

కాగితం రాసినవాడు బుద్ధిమంతుడే. కానీ కాగితం రాసినవాడి దగ్గర్నుంచి మా పంతులు దాకా చాలా దూరం. పంతులు లెక్క వేరు. పుస్తకం సర్కారు అచ్చు వేయించింది. అందులో ఉన్నది మా ఊళ్లో లేదంటే తప్పు ఎవరిది? సర్కారుది కాదు. పుస్తకానిదీ కాదు. కాబట్టి మా ఊరిది. మా ఊరి తప్పు అంటే ఊళ్లో ఉన్న సర్కారు మనిషిది, అంటే పంతులుది. అందుకని పోల్చడమంటే రెండూ కలిసేట్టు చూడడమేనని ఆయన తేల్చుకున్నాడు.

పాఠం బొమ్మతో సహా నాకు ఇప్పటికీ గుర్తుంది. చలి దేశంలో చలికాలం రాగానే ఆకాశం నుంచి తెల్లటి బర్ఫు పడుతుంది. చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలబడతాయి. పక్షులు వెచ్చని దేశాలకు ఎగిరిపోతాయి. గుడ్డెలుగు గుహలో దూరి చలికాలమంతా నిద్రపోతుంది. పిల్లలు పొయ్యి చుట్టూ కూర్చొని కథలు వింటారు.

బర్ఫు అనగానే బళ్లో ఒక్కడికే రెక్కలు వచ్చాయి. వాడి మేనమామకు నిజామాబాద్ స్టేషన్ ముందర సోడా దుకాణం ఉండేది. అక్కడికి రైల్లో రంపపు పొట్టులో చుట్టి బర్ఫు గడ్డ వచ్చేదట. దాన్ని వీడు ముట్టి చూశాడట. ఆ క్షణం నుంచి చలి దేశం సంగతులకు వాడే పెద్ద. పంతులు కూడా ఆగి ఆగి వాడి మొహం చూసేవాడు.

"ఎట్లుంటదిరా?"

"ముడితె కాలినట్టయితది. జర సేపటికి తడైతది."

"ఎంత గడ్డ?"

"గింత. ఇటికంత."

ఒక చిన్నోడు లేచాడు. "పంతులూ, గంత గడ్డ పైనుంచెల్లి పడితె నెత్తి పలగదా?"

పంతులు సోడా దుకాణపోని వైపు చూశాడు. వాడు ఏమాత్రం తడబడలేదు. "గక్కడోళ్లకు టోపీలుంటయి. బొమ్మల సూడు, అందరికి టోపీలే."

బొమ్మలో నిజంగానే అందరికీ టోపీలున్నాయి. ఆ రోజు నుంచి వాడు ప్రశ్నకు నాలుగు రేగుపండ్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. పుష్యం కాబట్టి వాడి జేబులకు కొదవ లేకుండా పోయింది.

పంతులు గోడ మీద సున్నంతో రెండు గళ్లు గీశాడు. ఒకటి చలి దేశం, ఒకటి మన దేశం. అక్కడ బర్ఫు పడుతుంది, ఇక్కడ పొద్దున గడ్డి మీద మంచు పడుతుంది, కలిసింది. అక్కడ పిల్లలు పొయ్యి దగ్గర కూర్చుంటారు, ఇక్కడా చలిమంట వేసుకుంటారు, కలిసింది. గుడ్డెలుగు దగ్గర చిక్కు వచ్చింది.

"మన దగ్గర కూడ గుట్టలల్ల గుడ్డెలుగు ఉంటది. సలికాలమంత పండుకుంటది. అందరు అనున్రి."

గొర్లోళ్ల పిల్లగాడు లేచాడు. "పండుకోదు పంతులూ. పోయిన పుష్యంలనే మా మామను గీకింది. వీపంత గీరలు పడ్డయి."

పంతులు గోడ మీది సున్నపు గడి వైపు చూశాడు. "అది నిద్రల గీకింది. కూసో."

పక్షుల దగ్గర నేను నోరు తెరిచాను. అది నా అలవాటు, ఇప్పటికీ పోలేదు. "పంతులూ, మన పిట్టలు ఎక్కడికి పోతలేవు గద. చెరువు నిండ కొత్త బాతులు దిగినయి. సలి మొదలైనప్పుడే వస్తయి, ఎండ ముదిరినంక పోతయి. పుస్తకంల పోయిన పిట్టలు గివేనేమో. వెచ్చని దేశమంటె మనదేనేమో."

ఆయన మొహం పాలిపోయింది. పుస్తకంలో పిట్టలు పోవాలి. మా ఊళ్లో పిట్టలు వస్తున్నాయి. "వచ్చినయా? ఎవరు రమ్మన్నరు వాటిని? తనిఖీ అయ్యేదాక వాటి ముచ్చట ఎత్తకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

చివరకు మిగిలింది ఆకులు. పుస్తకంలో చలికాలానికి చెట్టు మోడు. మా వాకిట్లో కానుగ చెట్టు పుష్యంలో నిండు గర్భిణిలా ఉంది. సూది దూరే సందు లేనంత ఆకు. కానుగ ఆకు రాలేది చలి పోయాక, మోదుగులు ఎర్రబడే వేళకు. ఆ సంగతి పంతులుకూ తెలుసు. రోజూ దాని కిందే కూర్చునేవాడు కదా. కానీ ముహ్తమీమ్ సాబ్ కుర్చీ వేసేది కూడా దాని కిందే. పైకి చూస్తే ఏమవుతుంది? పిల్లలు "చలికి ఆకులు రాలును" అని పాడతారు, సాబ్ నెత్తి మీద ఆకులు గలగలమంటాయి.

తనిఖీ రెండు రోజులుందనగా పంతులు నన్ను పక్కకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేయడానికి ఆయన కొంచెం పైకి చాచాల్సి వచ్చింది.

"నువ్వు చెట్టు ఎక్కుతవు గద?"

"ఎక్కుత."

"ఆకు తెంపాలె."

"ఎంత?"

ఆయన నాలుగు దిక్కులు చూసుకున్నాడు. "మొత్తం."

మా దిక్కు కానుగ ఆకు తెంపడం కొత్త కాదు. నాట్లప్పుడు మండలు కొట్టుకుపోయి దమ్ము చేసిన మడిలో వేసి తొక్కుతారు, పొలానికి బలం. కానీ మనిషన్నవాడు నాలుగు మండలు కొడతాడు, చెట్టును చెట్టుగా ఉండనిస్తాడు. ఆకు ఆకూ ఒలిచి, కొమ్మలు మాత్రం బొమ్మలో ఉన్నట్టు ఉంచమనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. రెండు రోజులు పట్టింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, వేళ్ల సందుల్లో పసరు నల్లబడింది. కింద పిల్లలు గంపల్లోకి ఎత్తారు. ఊరి మేకలకు ఎవరు చెప్పారో గానీ అన్నీ వచ్చాయి. పంతులు పొడుగు కట్టె పట్టుకొని కింద తిరుగుతూ, "గదీ... గా కొన మీద... ఇంకొక్కటి ఉన్నది సూడు" అని చూపించేవాడు. ఉన్న ఒక్క ఆకుకు అంత భయపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒక అవ్వ కట్టెల మోపుతో పోతూ ఆగింది. "ఏం రోగం పుట్టిందిరా చెట్టుకు?"

"రోగం కాదవ్వా, సలికాలం వచ్చింది," అన్నాను పైనుంచి.

"సలికాలం నాకు డెబ్బయి సార్లు వచ్చింది. ఏ చెట్టూ గిట్ల కాలె. దిగు, మీ బాపుకు చెప్త."

చెట్టు మోడు అయ్యాక ఇంకో సంగతి తట్టింది. బొమ్మలో చెట్టు కింద ఎండుటాకులు కుప్పగా ఉన్నాయి. మేం తెంపినవన్నీ పచ్చివి, అవీ మేకల కడుపులోకి పోయాయి. పంతులు ఇద్దరిని గుట్ట వైపు పంపితే వాళ్లు గంపెడు టేకు ఆకులు తెచ్చారు. చాటంత ఆకులు. మా దిక్కు టేకు చలికాలంలో నిజంగానే ఆకు రాలుస్తుంది. సాబ్ కుర్చీని రెండు మైళ్లు అవతల టేకు చెట్టు కింద వేసి ఉంటే పాఠం నిజమే అయ్యేది, నా మోకాళ్లు బాగుండేవి. కానీ ఆ సలహా ఇవ్వాల్సిన పుస్తకంలో టేకు చెట్టే లేదు.

తనిఖీ రోజు ముహ్తమీమ్ సాబ్ టాంగాలో దిగాడు. తెల్లటి షేర్వానీ, మడత నలగలేదు. కుర్చీలో కూర్చున్నాడు. పదకొండు గంటల ఎండ నేరుగా ఆయన నెత్తి మీద. పుష్యమైనా మా ఎండకు పుష్యమని తెలియదు. ఆయన కుర్చీ ఒకసారి ఎడమకు జరిపాడు, ఒకసారి కుడికి. కొమ్మల నీడ సాలెగూడులా ఆయన మీద పడింది.

అప్పుడు గాలి తిరిగింది. ఫ్యాక్టరీ మసి దిగడం మొదలైంది. రోజూ దిగేదే. కాకపోతే రోజూ కానుగ ఆకులు పట్టుకునేవి, ఈ రోజు పట్టుకోవడానికి చెట్టు మీద ఏమీ లేదు. మొదటి రేకు సాబ్ భుజం మీద వాలింది. రెండోది రిజిస్టరు మీద. పంతులు పరుగున వచ్చి తన పైకండువతో తుడిచాడు. మసి తుడిస్తే పోయేది కాదు, పాకేది. తెల్ల షేర్వానీ మీద జానెడు నల్ల గీత పడింది. సాబ్ ఆ గీతను చూశాడు, పంతులును చూశాడు, రిజిస్టరు తనే దులుపుకున్నాడు.

సాబ్ హైదరాబాద్ మనిషే గానీ మా తెలుగు బాగానే మాట్లాడేవాడు. "ఈ చెట్టు ఎందుకు గిట్లున్నది?" అని మొదలుపెట్టాడు.

పిల్లలంతా ఒక్క గొంతుతో, "చలికాలం హుజూర్! చలికాలమందు చెట్లు ఆకులు రాల్చును!"

సాబ్ కింద నుంచి ఒక టేకు ఆకు తీశాడు. అది ఆయన మొహమంత ఉంది. "ఇది ఈ చెట్టుదేనా?"

"దీనిదే హుజూర్!"

ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి, గోడ అవతల చూశాడు. అక్కడ చింత చెట్టు పచ్చగా, హాయిగా ఊగుతోంది. "మరి దానికి లేదా చలికాలం?"

సోడా దుకాణపోడు చేతులు కట్టుకొని లేచాడు. "దానికి ఇంక సలి తాకలె హుజూర్. గోడ అడ్డమున్నది."

సాబ్ నవ్వాడు. నవ్వి, వాడి పేరు ఎదురుగా ఏదో గీత పెట్టాడు. వాడు పై తరగతికి పోయినట్టే.

"మంచిది," అన్నాడు సాబ్. "ఇప్పుడు చలి దేశానికీ మన దేశానికీ ఫరక్ చెప్పున్రి. మీ కళ్లతోని చూసింది."

ఫరక్! మాకు పంతులు ఒక్క తేడా కూడా నేర్పలేదు. అన్నీ కలిపే నేర్పాడు. పిల్లలు పంతులు వైపు చూశారు. పంతులు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఫరక్ ఏం లేదు హుజూర్. సర్కారు దయ వల్ల అంత సమానమే ఉన్నది."

"ఫరక్ లేకుంటే ఈ పాఠం ఎందుకయ్యా? కాగితం చదివినవా లేదా?" సాబ్ కళ్లు వరసలో అందరికన్నా పొడుగ్గా ఉన్న నా దగ్గర ఆగాయి. "నువ్వు బంట్రోతువా?"

"పిల్లగాన్నే హుజూర్."

"అయితే నువ్వు చెప్పు. మూడు ఫరక్‌లు చెప్తే పై తరగతిల కూర్చుంటవు."

మూడు! నా కడుపులో ముప్పై ఉన్నాయి. ఎదురుగా కొట్టంలో ఎడ్లు నెమరు వేస్తూ నన్నే చూస్తున్నాయి. ఇక చూడక్కర్లేదు లెండి అనుకున్నాను వాటితో.

"అక్కడ సలికాలంల పిట్టలు పోతయి హుజూర్. మన దగ్గరికి వస్తయి. అక్కడ పోయినవే ఇక్కడికి వచ్చినయనుకుంట. చెరువుల ఉన్నయి, సూపిస్త."

సాబ్ వీపు నిటారుగా అయింది. "శభాష్! పుస్తకంల లేదు ఈ మాట. రెండోది?"

"అక్కడ పైనుంచి తెల్లది పడుతది హుజూర్. మనకు నల్లది పడుతది."

పంతులు కళ్లు మూసుకున్నాడు. సాబ్ తన చేతి మీద వాలిన రేకును చూసుకొని, ఉఫ్ అని ఊదాడు. "ఇది కూడ నిజమే," అన్నాడు. "మూడోది చెప్పు."

మూడోదానికి గుడ్డెలుగు నాలుక కొన మీద సిద్ధంగా ఉంది. గొర్లోళ్ల పిల్లగాని మామ వీపు సాక్షిగా ఉంది. ఆ మాట అని ఉంటే ఇప్పుడు రాస్తున్న ఈ పుస్తకం ఇరవై ముప్పై ఏళ్ల ముందే రాసేవాణ్ని. కానీ రెండు రోజుల కష్టం నాది. మోకాళ్లు ఇంకా మండుతున్నాయి. నేను చేసిన పనంతా చలికాలం చేసిందని పిల్లలు పాడుతుంటే నాకు నచ్చలేదు. పొగరు అనండి, ఇంకేమైనా అనండి.

"అక్కడ ఆకులు వాటంతట అవే రాలుతయి హుజూర్. మన దగ్గర మేము తెంపాలె."

వాకిట్లో మసి పడే చప్పుడు వినబడిందంటే నమ్మండి.

"ఏమన్నవు?"

"ఈ చెట్టు మొత్తం నేనే తెంపిన హుజూర్. రెండు రోజులు పట్టింది."

సాబ్ పంతులు వైపు తిరిగాడు. పంతులు నా వైపు చూడలేదు. నేలను చూస్తూ అన్నాడు: "ఊరోళ్లు నాట్లకు కానుగ మండలు కొట్టుకపోతరు హుజూర్. రివాజు. ఈ పోరడు రైతుల పిల్లగాడు. ఎక్కి తెంపినట్టున్నడు. నేను చూడలె."

నేను నోరు తెరిచాను. అప్పుడే నా జీవితంలో మొదటిసారి, తెరిచిన నోరు మూసుకున్నాను. పంతులు మసి అంటిన కండువను మడత మీద మడత పెడుతున్నాడు. ఆయనకు ఈ నౌకరీ తప్ప ఇంకోటి లేదు. నాకు ఎడ్లున్నాయి.

పాఠం అబద్ధమైందని సాబ్ కోపం చేస్తాడనుకున్నాను. ఆయనకు పాఠం మాటే గుర్తు లేదు. "బడి వాకిట్ల చెట్టు అంటే సర్కారు చెట్టు," అన్నాడు, లేచి నిలబడి. "సర్కారు చెట్టును తెంపడానికి ఎవరి ఇజాజత్ ఉన్నది?" ఒక్క ఆకు తెంపినా అనుమతి కావాలట. నేను తెంపినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి బతికిపోయాను. ఆయన కూర్చొని రిజిస్టరులో చాలాసేపు రాశాడు. మధ్యలో రెండుసార్లు మసి ఊదుకున్నాడు. సాబ్ పోయాక పంతులు మాకు చదివి చెప్పాడు. నా పేరు ఎదురుగా ఇలా ఉందట: కళ్లతో చూసి చెప్పడంలో బడికంతటికీ మొదటివాడు. నడవడిలో చివరివాడు. పై తరగతికి పనికిరాడు.

బాపు కొట్టంలో ఎడ్లకు మేత వేస్తున్నాడు. నా మొహం చూసి ఏం జరిగిందో తెలుసుకున్నాడు.

"ఏమన్నవు సాబ్‌తోని?"

"చెట్టు ఆకు నేనే తెంపిన అన్న."

"ఎవలు తెంపిన్రు మరి?"

"నేనే."

"గంతేనా? లేనిది చెప్పినవా?"

"లే బాపూ. ఉన్నదే చెప్పిన."

బాపు మేత గంప కింద పెట్టి, కొంతసేపు ఎద్దు మెడ గోకాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పెతందుకు బడెందుకురా? ఎడ్లు సాలు. అవి నిన్ను అడగవు, నువ్వు చెప్పే పని లేదు." పలుపు నా చేతిలో పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. అదే ఎక్కువ తగిలింది.

మోదుగులు పూసే నాటికి కానుగ లేత రాగి రంగు చిగురు తొడిగింది. దానికి తనిఖీ సంగతి గుర్తున్నట్టు లేదు. బోధన్‌కు చెరుకు బండి తోలుతూ రోజూ దాని ముందు నుంచే పోయేవాణ్ని. కొన్నాళ్లకు ఒక సర్కారు మనిషి వచ్చి దాని మొదలుకు తగరపు రేకు కొట్టి, దాని మీద తారుతో నంబరు వేసి పోయాడు. బడికి తలుపు లేదు గానీ చెట్టుకు నంబరు వచ్చింది.

మరుసటి ఏడు ఫ్యాక్టరీ ఆడడం మొదలయ్యాక మా ఇంటికి మళ్లీ కోత చిట్టీ వచ్చింది. బాపు దాన్ని చేతిలో పెట్టుకొని నన్ను చూశాడు, నేను ఎద్దును చూశాను. బాటన పోయే పెద్దమనుషుల మీద బాపుకు నమ్మకం పోయింది. ఊళ్లో చదవగలిగింది ఒక్కడే. నేను చిట్టీ పట్టుకొని బడికి పోయాను.

పంతులు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత తన కుర్చీ నా వైపు జరిపి, "కూసో," అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఆయన చిట్టీ రెండుసార్లు చదివాడు, తప్పు పోకూడదని గురువారం దాకా వేళ్ల మీద రోజులు కూడా లెక్కపెట్టాడు. "బేస్తారం. పొద్దుగాల. మరిచిపోకు, బేస్తారం."

"మరువ పంతులూ."

చిట్టీ తిరిగి ఇచ్చాడు. కానీ చెయ్యి వదల్లేదు. నాలుగు దిక్కులు చూసుకున్నాడు.

"బండి నీదేనా?"

"మా బాపుది."

"ఈ యేడు పాఠం మార్చిన్రు బిడ్డా. ఎడారి దేశం. అంత ఇసుకనేనట. ముహ్తమీమ్ సాబ్ వచ్చే నెలల వస్తడు. మన దగ్గర కూడ ఇసుక ఉన్నదని చూపియ్యాలె." గొంతు తగ్గించాడు. "మంజీర కాడికెల్లి రెండు బండ్లు తెచ్చి వాకిట్ల పోస్తవా?"

తెచ్చాను. ఎందుకు తేను? చిట్టీ చదివిన రుణం ఉంది. పైగా బడికి నా అవసరం పడడం అదే రెండోసారి, రెండుసార్లూ నాకు చదువు రాకపోవడం వల్ల పని ఆగలేదు. రెండు బండ్ల ఇసుక కానుగ కింద పోసి, పారతో నెరిపి, చిన్న చిన్న దిబ్బలు కూడా చేశాను, పంతులు పుస్తకంలో బొమ్మ చూపిస్తే. ఆయనకు బాగా నచ్చింది. కొంచెం వెనక్కి జరిగి, తల వంచి చూశాడు, బొమ్మను చూశాడు, మళ్లీ వాకిలిని చూశాడు. బొమ్మలో ఇసుక మీద నీడ లేదు. ఆయన చూపు మెల్లగా పైకి పోయి, నిండుగా ఊగుతున్న కానుగ ఆకుల మీద ఆగింది. తర్వాత నా మోకాళ్ల మీదికి దిగింది.

నేను పార బండిలో వేసి, చెట్టు మొదట ఉన్న రేకును వేలితో చూపించాను.

"పంతులూ, దానికి నంబరున్నది."

ఎడ్లను మళ్లించాను.